సెలయేటిలో ఒక్క గంట విషం

పిల్లలూ, అడవిలో పారే సెలయేటిని మీలో కొందరైనా చూసే ఉంటారు. అరకు లోయకు విహారయాత్ర వెళ్ళినవాళ్ళూ, మారేడుమిల్లి ఘాటు రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్ళూ తప్పక చూసి ఉంటారు. నీళ్ళు అద్దంలాగా ఉంటాయి. అడుగున ఉన్న గులకరాళ్ళను లెక్కపెట్టవచ్చు. రెండు మూడు చిన్న చేపలు తప్ప అందులో ప్రాణి అనేదే లేదనిపిస్తుంది.

అట్లా అనిపించటం మన కళ్ళ లోపమే. మోకాలి లోతు కూడా లేనిచోట, నీటిలో మునిగి ఉన్న రాతి నొకదాన్ని మెల్లగా ఎత్తి దాని అడుగువైపు చూడండి. బియ్యపు గింజంత పురుగులు గాభరాగా పరుగెత్తుతూ కనిపిస్తాయి. ఒకటి పలచగా, రాతికి అతికించినట్టుగా ఉండి, పీతలాగా పక్కవాటుగా జరుగుతుంది. దాని వెనక సన్నని తోకలు మూడో, రెండో ఉంటాయి. అది మేఫ్లై పిల్ల. దానికన్న కొంచెం పొడుగ్గా, గట్టిగా, రెండే తోకలతో కనిపించేది స్టోన్‌ఫ్లై పిల్ల. మరొకచోట ఇసుక రేణువులను అంటించి చేసిన చిన్న గొట్టం ఉంటుంది. అది రాతి పెళ్ళ అనుకుని వదిలెయ్యకండి. దానిలోపల కాడిస్‌ఫ్లై పురుగు కాపరముంటున్నది. పట్టుపురుగు లాగానే ఇదీ నోటినుంచి దారం తీస్తుంది. ఆ దారంతో ఇసుకనో, పుల్లముక్కలనో కుట్టుకుని తనకొక ఇల్లు కట్టుకుంటుంది. ఈ జాతిలోనే కొన్ని ఇల్లు కట్టుకోవు. రెండు రాళ్ళ మధ్య చిన్న వల అల్లి, ప్రవాహంలో కొట్టుకువచ్చే నలుసులను పట్టి తింటాయి. సాలెపురుగు గాలిలో చేసే పనిని అవి నీటిలో చేస్తాయన్న మాట!

ఈ ఇంగ్లీషు పేర్లు చూసి బెదరకండి. మన పల్లెల్లో వీటన్నిటినీ కలిపి నీటిపురుగులు అని ఊరుకుంటారు. తూనీగ మాత్రం మీకు బాగా తెలిసినదే. దాని పిల్ల కూడా నీటిలోనే పెరుగుతుంది. పెరిగి పెద్దవైన తరవాత ఇవన్నీ రెక్కలు తెచ్చుకుని ఎగిరిపోతాయి. వీటిలో మేఫ్లైది విచిత్రమైన బ్రతుకు. చాలా జాతుల మేఫ్లైలు దాదాపు ఏడాదిపాటు నీటిలో పెరిగి, రెక్కలు వచ్చాక కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో మాత్రమే బ్రతుకుతాయి. ఆ కాస్త సమయంలో అవి ఏమీ తినవు. తినటానికి పనికివచ్చే నోరే వాటికి ఉండదు. జంటకట్టటం, గుడ్లు పెట్టటం, అంతే.

ఇంత చిన్న పురుగులను గురించి ఇంత చెప్పటం దేనికంటారా? సెలయేటికి ఇవి రుబ్బురోళ్ళు. ఆ సంగతి మొదట తెలుసుకోవాలి.

దట్టమైన అడవిలో సెలయేటి మీద ఎండ సరిగా పడదు. ఎండ లేనిదే నీటిలో నాచు పెరగదు. మరి అందులో ఉన్న ప్రాణులకు తిండి ఎక్కడినుంచి వస్తుంది? చెట్లనుంచి రాలే ఆకులే తిండి. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అడవిలో బేర్ బ్రూక్ అనే చిన్న వాగు ఉన్నది. అందులోకి వచ్చే ఆహారాన్నంతా ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కకట్టి 1973లో ప్రకటించారు. నూటికి 99 పాళ్ళకు పైగా ఆహారం చుట్టూ ఉన్న అడవినుంచే వస్తున్నదని తేలింది. వాగు తనంతట తాను సంపాదించుకునేది నూటికి ఒక పాలుకూడా లేదు!

అయితే నీట పడ్డ ఆకును చేప తినలేదు. ముందుగా అది నానాలి. నానిన ఆకు మీద కంటికి కనిపించని బూజు పట్టాలి. అప్పుడు స్టోన్‌ఫ్లై పిల్లలూ, కాడిస్ పురుగులూ దాన్ని కొరికి కొరికి, ఈనెలు మాత్రం మిగిల్చి, తక్కినదంతా పొడి చేస్తాయి. మీ అమ్మ మినపప్పు నానవేసి రుబ్బటం లేదూ? ఇదీ అంతే. ఆ పొడిలో కొంత వాటి కడుపులోకి పోతుంది. చాలా భాగం నలుసులుగా నీటిలో పడి దిగువకు సాగిపోతుంది. దిగువన వలలు పన్నుకుని కూర్చున్న పురుగులకు ఆ నలుసులే భోజనం. ఈ పురుగులన్నీ చేపలకు భోజనం. ఆకుకూ చేపకూ మధ్య ఉన్న మెట్టు ఈ పురుగే. ఆ మెట్టు విరిగితే ఆకులు ఒకవైపున కుప్పపడి ఉంటాయి, చేపలు మరొకవైపున పస్తుంటాయి.

ఇక విషం సంగతికి వద్దాం.

డి.డి.టి. అనే మందు పేరు మీ తాతలనూ అమ్మమ్మలనూ అడగండి. దానికి పురుగులను చంపే గుణమున్నదని 1939లో స్విట్జర్లాండులో పాల్ మ్యుల్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. అందుకు ఆయనకు 1948లో నోబెల్ బహుమానం ఇచ్చారు. మన దేశంలో 1953లో మలేరియా నివారణ కార్యక్రమం మొదలైనప్పుడు ఊరూరా ఇళ్ళ గోడలకు ఈ మందే కొట్టారు. దాని మూలాన ఎన్నో లక్షలమంది ప్రాణాలు దక్కాయి. ఆ మేలును కాదనటానికి లేదు. కాని అది దోమను వేరు, మేఫ్లైని వేరు అని ఎరగదు. పురుగు నరం మీదనే అది పనిచేస్తుంది. మన బడిగంట కరెంటుతో మోగేదనుకోండి. మీట నొక్కగానే మోగుతుంది, వదలగానే ఆగుతుంది. ఆ మీట ఇరుక్కుపోతే? గంట ఆగకుండా మోగుతూనే ఉంటుంది. డి.డి.టి. తగిలిన పురుగు నరాలు సరిగ్గా అట్లాగే అయిపోతాయి. పురుగు గిలగిల తన్నుకుంటుంది, కాళ్ళ పట్టు తప్పుతుంది, చివరకు చచ్చిపోతుంది.

గట్టు మీద పురుగుకు కాళ్ళ పట్టు తప్పితే కింద పడుతుంది. సెలయేటి పురుగుకు పట్టు తప్పితే కొట్టుకుపోతుంది. పైగా దానికి పారిపోయే దారి లేదు. నీటిలో కరిగిన ప్రాణవాయువును అది తన పలచని చర్మంతోనూ, పొట్ట పక్కలనున్న మొప్పలతోనూ పీల్చుకోవాలి. అంచేత నీటిలో ఉన్న విషం కూడా ఎడతెగకుండా దాని ఒంటిని రాసుకుంటూ పోతుంది. నీరు ప్రవహిస్తున్నది గనక విషం ఒకటి రెండు గంటలలో దాటిపోవచ్చు. మరునాడు ఆ నీటిని సీసాలో పట్టి పరీక్ష చేస్తే మందు జాడ దాదాపు ఉండకనూ పోవచ్చు. అందుకే చాలామంది, ‘పారే నీటికి దోషం లేదు, కాస్సేపటి విషం ఏం చేస్తుంది?’ అన్నారు. ఏం చేస్తుందో కెనడాలో ఒక నది చూపించింది.

కెనడాకు తూర్పున న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ మిరమిషీ అనే నది సముద్రంలో కలుస్తుంది. మన గోదావరికి వానాకాలంలో సముద్రంనుంచి ఎదురీదివచ్చే పులస చేప ఎట్లాంటిదో, ఆ నదికి సామన్ చేప అట్లాంటిది. అది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టటానికి నదికి వస్తుంది. చలికాలానికి ముందు గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడితే, వసంతకాలంలో పిల్లలు బయటికి వస్తాయి. ఆ పిల్లలు వెంటనే సముద్రానికి పోవు. రెండు మూడేళ్ళు నదిలోనూ, దానిలో కలిసే వాగులలోనూ ఉండి, నీటిపురుగులను తిని ఒళ్ళు చేసుకుని, తరవాత ప్రయాణం కడతాయి.

ఆ రాష్ట్రంలోని అడవులకు ఒక పీడ దాపురించింది. ఒక జాతి రెక్కలపురుగు పెట్టే గొంగళిపురుగులు ఫర్, స్ప్రూస్ చెట్ల లేతమొగ్గలను తినేస్తాయి. ఏటేటా ఇట్లా తింటే చెట్లు చచ్చిపోతాయి. ఆ చెట్లే అక్కడ కాగితపు మిల్లులకు ఆధారం. వేలాది కుటుంబాలకు కూడు పెట్టేవి అవే. కనక అడవిని కాపాడటానికి విమానాలతో డి.డి.టి. చల్లటం 1952లో మొదలుపెట్టారు. చల్లినవాళ్ళు దుర్మార్గులు కారు సుమా! వాళ్ళ దృష్టి చెట్ల మీద ఉన్నది, కిందనున్న నీటి మీద లేదు.

1954 జూన్ నెలలో ఈ విమానాలు వాయవ్య మిరమిషీ ప్రాంతానికి వచ్చాయి. నూనెలో కరిగించిన మందును ఎకరానికి అరపౌను డి.డి.టి. చొప్పున చల్లుతూ పోయాయి. అడవిలో వాగులు ఎక్కడ పారుతున్నవో ఆ పై నుంచి చూసి మందు ఆపే ఏర్పాటు లేదు. రెండు రోజులు తిరగకుండానే వాగుల గట్ల వెంబడి చచ్చిన చేపలూ, కొనప్రాణంతో ఉన్న చేపలూ కనిపించాయి. వాటిలో సామన్ పిల్లలు చాలా ఉన్నాయి. నీటిపురుగుల సంగతి మరీ ఘోరం. కాడిస్, స్టోన్‌ఫ్లై, మేఫ్లై పిల్లలు తుడిచిపెట్టినట్టు పోయాయి.

ఇక్కడ ఒక విశేషమున్నది. ఇట్లాంటి నష్టం ఇతరచోట్ల కూడా జరిగి ఉండవచ్చు, కాని ఎంత పోయిందో చెప్పాలంటే ముందు ఎంత ఉన్నదో తెలియాలి కదా! మిరమిషీలో అది తెలుసు. ఎందుకంటే, కెనడా మత్స్య పరిశోధక మండలి వాళ్ళు 1950 నుంచే, విమానాల ఊసు ఎరగకముందే, ఆ నదిలో సామన్ పిల్లలను ఏటేటా లెక్కపెడుతున్నారు. పుస్తకంలో పాత లెక్క ఉన్నది గనక కొత్త లెక్క దాని పక్కన వేసి చూశారు. మందు చల్లిన వాగులలో ఆ వసంతంలో పుట్టిన సామన్ పిల్ల ఒక్కటికూడా ఆగస్టు నాటికి మిగలలేదు. అంతకు ముందు ఏడు, అంటే 1953లో పుట్టినవాటిలో ఆరింటికి ఒకటి మిగిలింది. 1952లో పుట్టి, సముద్ర ప్రయాణానికి సిద్ధంగా ఉన్న పెద్దపిల్లలలో మూడోవంతు పోయాయి. చూశారా, ఎంత చిన్నదైతే అంత నష్టం!

మందు తగిలి చచ్చినవి కొన్ని. తిండిలేక చిక్కినవి కొన్ని. తిండి తిరిగి ఎప్పుడు వచ్చిందో చూడండి. చల్లిన రెండో ఏడుకూడా సామన్ పిల్లలకు దొరికినవి నల్ల ఈగల పిల్లలూ, నుసుముల వంటి చిన్న ఈగల పిల్లలూ మాత్రమే. ఆ పురుగులు పొట్టి బ్రతుకువి. కొన్ని వారాలలో ఒక తరం పూర్తవుతుంది గనక అవి త్వరగా పెరిగిపోయాయి. తమను తినే పెద్దపురుగులు లేకపోవటం కూడా వాటికి కలిసివచ్చింది. అప్పుడే రాళ్ళసందులనుంచి బయటికి వచ్చిన చేపపిల్లకు ఆ నుసుము చాలు. ఏడాది దాటిన పిల్లకు చాలదు. దానికి కాడిస్, స్టోన్‌ఫ్లై వంటి పెద్ద కబళాలు కావాలి. అవి తిరిగి రావాలంటే ఏళ్ళు పడుతుంది. కెనడావాళ్ళు వేరేచోటినుంచి కాడిస్ పురుగులను తెచ్చి ఆ ఖాళీ వాగులలో వదిలి కూడా చూశారు. మన రైతులు నారు తెచ్చి నాటినట్టు! అయితే గొంగళిపురుగు మాత్రం పోలేదు. 1955 మొదలు 1957 వరకు మళ్ళీ మందు చల్లవలసివచ్చింది. అమెరికాలో రేచల్ కార్సన్ అనే జీవశాస్త్రజ్ఞురాలు 1962లో ప్రకటించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ అనే పుస్తకంలో ఈ నది కథ రాసింది. అప్పుడు లోకానికంతకూ ఈ సంగతి తెలిసింది.

ఇది చదివి మీలో తెలివైనవాడు ఒక ప్రశ్న వెయ్యాలి. ‘చేపలు పురుగులు లేక చిక్కాయా, మందు తగిలి చిక్కాయా? పురుగులు లేకపోతే సెలయేటికి నిజంగా ఏమవుతుందో విడిగా ఎట్లా తెలుస్తుంది?’ అని. సరైన ప్రశ్నే. దానికి జవాబు వెతికినవాళ్ళు అమెరికాలోనే ఉన్నారు.

ఉత్తర కారొలైనా కొండలలో కోవీటా అనే పరిశోధన కేంద్రం ఉన్నది. అక్కడి అటవీశాఖ 1934లో దాన్ని స్థాపించింది. అక్కడ ఒక అంగలో దాటగలిగినంత చిన్న వాగులు చాలా ఉన్నాయి; ఒకదాని పక్కన ఒకటి, కవలపిల్లల వలె. బ్రూస్ వాలెస్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ 1980లో వాటిలో ఒక వాగుకు మెథాక్సిక్లోర్ అనే పురుగుమందు పట్టించారు. ఇది డి.డి.టి.కి చుట్టమే, కాని దానికన్న త్వరగా విరిగిపోతుంది. పక్క వాగును ముట్టుకోకుండా వదిలేశారు. తెలిసి తెలిసి ఒక వాగును పాడుచెయ్యటం మీకు కష్టమనిపించవచ్చు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. కాని ఆ అంగెడు వాగు చెప్పిన సంగతి ఎన్నో నదులకు పనికివచ్చింది.

మందు నీటిలో కలవగానే పురుగులు పట్టు తప్పి గుంపులు గుంపులుగా కొట్టుకువచ్చాయి. మామూలు రోజులలో కూడా నీటిపురుగులు కొన్ని, ముఖ్యంగా రాత్రివేళ, ప్రవాహంతోపాటు దిగువకు పోతుంటాయి. ఇది అట్లాంటిది కాదు. ఊరు ఊరంతా ఒక్కసారిగా లేచిపోవటం వంటిది. ఆ తరవాత వాగు పైకి చూడటానికి మామూలుగానే ఉన్నది. నీరు తేటగా ఉన్నది, ఆకులు ఎప్పటిలాగానే రాలినవి. కాని రాలిన ఆకులు అట్లాగే ఉండిపోయాయి! పక్క వాగులో ఆకులు చివికి, చిల్లులుపడి, ఈనెలు తేలుతూంటే, మందు పట్టిన వాగులో ఆకులు చాలా నెమ్మదిగా చివికాయి. దిగువకు సాగవలసిన నలుసుల మోత కూడా బాగా తగ్గిపోయింది. రుబ్బురోలు ఆగిపోయింది కదా, పిండి ఎక్కడినుంచి వస్తుంది? కనక మందు ఒకచోట పడినా, ఆకలి ఆ చోటనే ఆగదు. మందు చుక్కకూడా సోకని దిగువ వాగులకు కూడా తిండి తగ్గుతుంది.

చేపల విషయంలో కెనడావాళ్ళు మరొక చిత్రం చూశారు. మందు పడిన రోజున ట్రౌట్ అనే చేపలకు పెద్ద విందు. కొట్టుకువచ్చే పురుగులను అవి పొట్ట పగిలేటట్టు మింగాయి. ఆ విందు అయిన తరవాత వాగులో ఏమీ మిగలలేదు. అప్పుడవి గట్టుమీది చెట్లనుంచి జారిపడే చీమలనూ, ఇతర పురుగులనూ నమ్ముకోవలసివచ్చింది.

ఇంతవరకు చెప్పినవన్నీ పురుగులు అప్పటికప్పుడు చచ్చిన కథలు. చావకపోతే ప్రమాదం తప్పినట్టేనా? జర్మనీలో మథియాస్ లీస్, రాల్ఫ్ షుల్జ్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి 1996లో ప్రకటించారు. వాళ్ళు కాడిస్ పురుగులను ఫెన్వలరేట్ అనే మందు అతి కొద్దిగా కలిపిన నీటిలో ఒక్క గంటసేపు మాత్రం ఉంచారు. ఒక గంట, అంటే మీకు ఒక పాఠం, ఇంకో పావు పాఠం. తరవాత వాటిని మంచినీటిలోకి మార్చి నెలల తరబడి కనిపెట్టారు. మొదట అవి బ్రతికే ఉన్నాయి, చూడటానికి బాగానే ఉన్నాయి. కాని రెక్కలు వచ్చే కాలానికి తేడా బయటపడింది. చాలా పురుగులు రెక్కలపురుగులుగా మారలేకపోయాయి. మారినవి కూడా ఆలస్యంగా మారాయి. ఆలస్యమైతే ఏం అంటారేమో! రెక్కలు వచ్చాక వాటికి మిగిలే ఆయుష్షు కొద్దికాలమే. తోటివాళ్ళందరూ ఎగిరి, జంటకట్టి, గుడ్లు పెట్టి పోయిన తరవాత ఒంటరిగా బయటికి వచ్చిన పురుగు ఎవరితో జంటకడుతుంది?

మరి సెలయేరు తిరిగి కోలుకోవటం ఎట్లా? దానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఎగువన మందు పడని చోటునుంచి పురుగులు ప్రవాహంతోపాటు కొట్టుకువచ్చి ఖాళీ రాళ్ళమీద స్థిరపడవచ్చు. పక్క వాగులో పుట్టిన రెక్కలపురుగులు ఎగిరివచ్చి గుడ్లు పెట్టవచ్చు. గులకరాళ్ళ కింద లోతుగా దాగి, విషం తగలకుండా మిగిలినవి పైకి రావచ్చు. అంచేత వాగులో సగం మేర మందు పడితే నష్టం త్వరగా పూడుతుంది. వాగు పుట్టిన ఊటదగ్గరినుంచి కిందిదాకా పడితే ఎగువనుంచి వచ్చే బంధువులు ఉండరు. రెక్కలవాళ్ళ దయ మీద బ్రతకాలి. ఏడాదిలో తరం పూర్తిచేసే మేఫ్లై రెండేళ్ళలో నిలదొక్కుకోవచ్చు. పెద్ద జాతి స్టోన్‌ఫ్లై పిల్ల నీటిలో మూడేళ్ళు పెరుగుతుంది. అది ఊరు కట్టుకోవటానికి చాలా కాలం కావాలి. మధ్యలో మళ్ళీ ఒక గంట విషం వస్తే లెక్క మొదటికి వస్తుంది.

ఈ సంగతులు తెలిసిన మీదట కెనడాలో పద్ధతులు మారాయి. న్యూ బ్రన్స్‌విక్ అడవులలో డి.డి.టి. చల్లటం 1968తో ఆగిపోయింది. కొంతకాలం వేరే రసాయనాలు వాడారు. వాగుల పక్కన కొంత మేర మందు చల్లకుండా వదిలే అలవాటు వచ్చింది. తరవాత బి.టి. అనే సూక్ష్మజీవిని వాడటం మొదలుపెట్టారు. గొంగళిపురుగు దాన్ని ఆకుతోపాటు తింటే, కడుపులో అది విషంగా మారి చంపుతుంది. నీటిపురుగుల మీద దాని ప్రభావం చాలా తక్కువ అని పరీక్షలలో తేలింది. పాత మందుకన్న ఇది వెయ్యిరెట్లు మేలు అని నా అభిప్రాయం. అయితే అది గొంగళిపురుగులలో మంచీ చెడూ ఎంచదు. సీతాకోకచిలుక పిల్లకూడా గొంగళిపురుగే కదా!

మన దగ్గర అడవి మీద విమానాలు తిరగకపోవచ్చు. కాని ఆ జర్మనీ పరీక్షలో వాడిన ఫెన్వలరేట్ పేరు మన పత్తి రైతులకు కొత్తది కాదు. ఆదిలాబాదు వైపు అడవి అంచుదాకా పత్తి వేస్తారు. చేను పక్కనే వాగు ఉంటుంది. కనక పెద్దలుకూడా ఈ లెక్క చూడాలి. పిల్లలూ, పలకా బలపం తీసుకోండి.

నూటికి ఇరవై పాళ్ళ మందు డబ్బాలో లీటరుకు 200 గ్రాముల అసలు విషం ఉంటుంది. దానిలో ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు తీస్తే, అందులో విషం ఎంత? సరిగ్గా 1 గ్రాము. ఆ ఒక్క గ్రామునూ 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు ఉన్న చెరువంత నీటిలో కలపండి. ఆ నీరు 10 లక్షల లీటర్లు. అప్పుడు లీటరుకు వచ్చేది ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పదిలక్షలో వంతు. ఈ జాతి మందులు అంతకన్న తక్కువ ఉన్నాకూడా చాలా నీటిపురుగులకు హాని చేస్తాయి. ఇక మీ చేను పక్క వాగు క్షణానికి, అంటే ఒక సెకండుకు, 10 లీటర్ల చొప్పున పారుతున్నదనుకోండి. గంటకు 36,000 లీటర్లు. మందు కొట్టిన స్ప్రేయరునూ, డబ్బానూ ఆ వాగులో కడిగితే, వాటికి అంటుకుని ఉన్న ఆ చెంచాడు మందే గంటసేపు పారే నీటిలో కలిసిందనుకున్నా, లీటరుకు దాదాపు 28 మైక్రోగ్రాములు! కడిగినవాడు సాయంత్రం ఇంటికిపోయి స్నానం చేసేలోగా ఆ నీరు దాటిపోతుంది. వాగు తేటగానే ఉంటుంది.

స్ప్రేయరును వాగుకు దూరంగా చేనులోనే, బిందెతో తెచ్చుకున్న నీటితో కడిగి, ఆ నీటిని మందు కొట్టిన పైరు మీదనే తిరిగి చల్లితే సరిపోతుంది. దీనికి ఖర్చేమీ లేదు, పది నిమిషాల పని. కొందరు చేపలు పట్టటానికి నీటిలో పురుగుమందు పోస్తారని వింటున్నాము. అది మహా పాపిష్టి పని. ఆ చేపలను తినేవాళ్ళకు ప్రమాదం, ఆపైన ఏళ్ళ తరబడి చేపలకు తిండి పెట్టవలసిన పురుగులన్నీ ఒక పూట కూరకోసం పోతాయి.

మిరమిషీవాళ్ళు ముందుగా లెక్క రాసిపెట్టుకున్నారని చెప్పాను. మీకు దగ్గరలో కొండవాగు ఉంటే మీరూ రాసిపెట్టుకోవచ్చు. దీనికి పెద్ద సామాను అక్కరలేదు: తెల్లటి పళ్ళెం, పాత కుంచె, నోటుపుస్తకం, పెన్సిలు. వానలు తగ్గి నీరు తేటపడ్డాక, కార్తీక మార్గశిరాలలో, ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. వానాకాలంలో మాత్రం వద్దు. ఎగువన వాన పడితే కొండవాగు చెప్పకుండా పొంగుతుంది. నీరు గలగల పారేచోట, మీ అరచేతికన్న కొంచెం పెద్దవైన రాళ్ళు పది ఎంచుకోండి. ఒక్కొక్కదాన్ని పళ్ళెంలో ఉంచి, కుంచెతో అడుగువైపు మెల్లగా తుడవండి. పళ్ళెంలో కాస్త వాగునీరు పొయ్యటం మరిచిపోకండి. ఎన్ని జాతులు కనిపించాయి, ఒక్కొక్కటి ఎన్ని ఉన్నాయి, తోకలు ఎన్ని, గొట్టం ఇసుకదా పుల్లలదా, అన్నీ రాయండి. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, బొమ్మ గీయండి. తేదీ తప్పక వెయ్యండి. తేదీ లేని లెక్క ఎందుకూ కొరగాదు. చూడటం అయ్యాక పురుగులను నీటిలో వదిలి, రాతిని తీసినచోటనే, పైవైపు పైకే ఉండేటట్టు పెట్టాలి. వచ్చే ఏడు అదే నెలలో, అదే చోట మళ్ళీ చూడండి.

ఇసుక గొట్టం దొరికితే లోపల ఏమున్నదో చూడాలని దాన్ని చీల్చకండి. పళ్ళెంలో నీటి అడుగున ఉంచి, మీ నీడ దానిమీద పడకుండా కూర్చుని, రెండు మూడు నిమిషాలు కదలకుండా చూడండి. ముందు చిన్న నల్లని తల, ఆ వెనక ఆరు కాళ్ళు మెల్లగా బయటికి వస్తాయి. తరవాత అది తన ఇంటిని ఈడ్చుకుంటూ నడక మొదలుపెడుతుంది.